సుంకన్న స్తంభం మీద ఉన్న రోజు

ముందు మంచి మాట. నేను బి.ఏ. పాసయ్యాను. మా నాయన వేలిముద్ర మనిషి, అమ్మా అంతే. డిగ్రీ అన్న మాట మా ఇంట్లో నాతోనే మొదలైంది. సర్టిఫికెట్ చేతికి వచ్చి వారం కూడా కాలేదు. కనిపించిన వాళ్లందరికీ చెబుతున్నాను, మీకూ చెబుతున్నాను.

రెండో మాట. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఊర్లో ఎవరికైనా గాలి సోకిందని తాయెత్తు కడుతుంటే, పోయి డాక్టరుకు చూపించుకోండి అని కసిరేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. నా కోపమంతా అందుకే. నమ్మేవాడికి ఈ బాధ లేదు. దయ్యం అనుకుని హాయిగా పడుకుంటాడు.

కొన్నేళ్ల కింద ముదిగుబ్బ వైపు ఒక చిన్న సబ్‌స్టేషన్‌లో కాంట్రాక్టు ఆపరేటరుగా ఉండేవాణ్ణి. మా దిక్కు బోరు మోటార్లకు కరెంటు వంతులవారీగా రాత్రుళ్లు ఇస్తారు. లైను వేయడం, తీయడం, రైతుల తిట్లు తినడం నా పని. రాత్రి డ్యూటీ ఎవరికీ ఇష్టముండదు. చదువుకోవచ్చని నేనే అడిగి తీసుకున్నాను. పగలు పడుకునేవాణ్ణి.

ఆ పడుకోవడమే కష్టమైంది. నాది పెద్ద గురక. గురక మధ్యలో ఊపిరి ఆగిపోతోందని నా భార్య లక్ష్మి పక్కనే కూర్చుని కుదిపేది. మా నాయనదీ అదే గురక. ఒక మధ్యాహ్నం పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. పుణ్యాత్ముడు, నొప్పి తెలియకుండా పోయినాడు అని ఊరంతా మెచ్చుకుంది. అది పుణ్యం కాదు, జబ్బు అని మాకు ఎవరూ చెప్పలేదు. బెంగళూరులో ఒక డాక్టరు నా నిద్రను పరీక్ష చేసినప్పుడే తెలిసింది. అప్పటికి నాయన పోయి చాలా ఏళ్లయింది.

గొర్రెలు అమ్మి, ఎవరో వాడి ఇచ్చేసిన సీప్యాప్ మిషను ఒకటి కొన్నాను. చిన్న పెట్టె, దానికి ఒక గొట్టం, గొట్టం చివర ముక్కుకు తొడుక్కునే మాస్కు. గొంతు మూసుకుపోకుండా గాలిని ఒత్తి పంపుతుంది. ఎదురింటి గంగమ్మత్త కిటికీలోంచి చూసి, నీ మొగునికి తొండం మొలిచిందేమే అని లక్ష్మిని ఏడిపించింది. తొండమైనా మేలే అత్తా, ఇప్పుడు నేను కూడా నిద్రపోతాండా అంది లక్ష్మి.

దానికి బ్యాటరీ లేదు. కరెంటు పోతే ఆగిపోతుంది. ఉక్కిరిబిక్కిరై లేస్తాను, ఆ రోజంతా తల పగిలిపోతుంది. పగటి పూట కోతలు ఎట్లుండేవో మా దిక్కు వాళ్లకు చెప్పనక్కర్లేదు. రాత్రంతా ఊళ్లకు కరెంటు వేసిన మనిషికి పగలు ఊపిరి తీసుకోవడానికి కరెంటు లేదు. ఎవరిని తిట్టాలో తెలియక అందరినీ తిట్టేవాణ్ణి.

ఆ రోజు డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాను. లక్ష్మి చెనిక్కాయ చెట్లు పీకడానికి పోయింది. ఒక్కసారి కూడా మెలకువ రాలేదు. లేచేసరికి సాయంత్రం. మాస్కులో గాలి చల్లగా వస్తూనే ఉంది. తల దూదిలాగా తేలిగ్గా ఉంది. అంత నిద్ర ఎప్పుడు పోయానో గుర్తే లేదు.

డ్యూటీకి పోయి, పగటి ఆపరేటరు ఓబులేసుతో, ఈ రోజు కరెంటు తీయకుండా పుణ్యం కట్టుకున్నావు అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు.

“ఏమప్పా, కలేమన్నా వచ్చిందా? మీ ఊరి లైను పొద్దున్నుంచి ఎల్.సి.లో ఉండాది. సుంకన్న ఇప్పుడే స్తంభం దిగినాడు.”

ఎల్.సి. అంటే ఏమిటో చెప్పాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఆపరేటరుకు చెప్పి ఆ లైను ఆపిస్తాడు. మళ్లీ అతనే వచ్చి పని అయిందని చెప్పేదాకా, దేవుడే దిగివచ్చి అడిగినా లైను వేయకూడదు. మా ఊరి లైన్‌మన్ సుంకన్న అది కూడా చాలదని తీగల మీద ఎర్తింగు గొలుసు వేసుకుని గానీ చెయ్యి పెట్టడు. ఆ రోజు విరిగిన స్తంభం మార్చి తీగలు బిగించే పని. పగలంతా అతను ఆ తీగల మీదే ఉన్నాడు. మా ఇంటికి కరెంటు వచ్చేది ఆ తీగల్లోనే.

ముందు నవ్వాను. తర్వాత లెక్క వేసుకున్నాను. నా మిషను తిరిగిందంటే లైన్లో కరెంటు ఉండాలి. ఉండి ఉంటే సుంకన్న బూడిద. అతను గేటు దగ్గర బీడీ తాగుతున్నాడు.

నా మిషను తిరిగిన మాట ఎవరో మా పై ఇంజనీరు ఏ.ఈ. చెవిన వేశారు. ఆయనకు ఒకటే అనుమానం, మనిషి పైన ఉండగా ఓబులేసు లైను వేశాడని. రుజువైతే ఉద్యోగం పోతుంది. గట్టిగా మాట్లాడి ఎరగని ఓబులేసు మా ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు.

“నేను లైను వేసింటే సుంకన్న బతికి తిరుగుతాంటాడా? నా కూట్లో ఎందుకప్పా మన్ను కొడతాండావు?”

నేను వెతకని చోటు లేదు. వేరే లైను నుంచి దొంగతీగ ఏదైనా ఇంటి మీద పడిందా చూశాను, లేదు. ఇన్వర్టరు మా ఊర్లో ఎవరికీ లేదు. ప్లగ్గు పీకితే మిషను ఆ క్షణమే ఆగిపోతుంది. బెంగళూరుకు తీసుకుపోయి విప్పించాను. కరెంటు దాచుకునే వస్తువు లోపల ఏదీ లేదన్నారు. ఆ రోజు ఊర్లో పిండిమర ఆడలేదు, నీళ్ల ట్యాంకు నిండలేదు.

కల అనుకుంటే సరిపోయేది. అనుకోవడానికి సిద్ధపడ్డాను కూడా. అప్పుడు లక్ష్మి చెప్పింది. మధ్యాహ్నం కూటికి ఇంటికి వచ్చిందట. మిషను బుస్సుమంటోంది, పచ్చ లైటు వెలుగుతోంది. కరెంటు ఉందనుకుని ఊరిబిండి పచ్చడి చేద్దామని మిక్సీ వేసింది. తిరగలేదు. రెండూ ఒకే బోర్డులో ఉన్నాయి. మిక్సీ అమ్మినవాణ్ణి తిట్టుకుంటూ రోట్లో నూరుకుంది. మర్నాడు మిక్సీ బాగానే తిరిగింది.

నన్ను ఎందుకు లేపలేదని అరిచాను.

“మంచి నిద్రలో ఉండావు. నీ ముఖం అట్ల చూసి ఎన్నాళ్లాయనో. లేపబుద్ధి కాలే” అంది.

ఏ.ఈ. నన్ను పిలిచి కాగితం ముందుపెట్టాడు. లైన్లో కరెంటు ఉందనో లేదనో, రెండింటిలో ఒకటి రాయమన్నాడు. ఓబులేసు లైను వేయలేదు, నా మిషను తిరిగింది అని రెండూ రాశాను. రెండూ నిజమే కాబట్టి రాశాను. చదివి కాగితం నా మీదికి విసిరాడు. ఇట్లాంటివి కనిపించే మనిషిని లైన్లు వేసే ప్యానల్ ముందు కూర్చోబెట్టలేనన్నాడు. వారంలో నన్ను తీసేశారు. ఓబులేసు మిగిలాడు, అందుకు బాధ లేదు. జనం మాత్రం నాకే గాలి సోకిందన్నారు. మా అమ్మ తాయెత్తు తెచ్చింది. తీసుకుపోయి చెత్తకుప్పలో వేశాను.

ఆ కోపంతోనే కూర్చుని డిగ్రీ ముగించాను. ఇప్పుడు కదిరిలో పగటి ఉద్యోగం.

పాసయ్యానని తెలిసి మొన్న సుంకన్న వచ్చాడు. లక్ష్మి టీ ఇచ్చింది. కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఆ పొద్దు తీగలన్నీ నా చేతుల్లోనే ఉండె కదన్నా. నీకు యాడనుంచి వచ్చింది?”

వెక్కిరింత కాదు. అతనికి ఇంకా భయం పోలేదు. చదువుకున్నవాణ్ణి కదా, చెబుతానేమోనని నా ముఖమే చూస్తున్నాడు. కోపమొచ్చి, టీ చల్లారిపోతోంది తాగు అన్నాను.