గొడుగు కింద పెట్టె

ఆరు వేసవుల క్రితం కంపెనీ ఆయన చేతికి ఒక గొడుగిచ్చింది. దాని పిడికి కట్టిన చీటీ మీద ‘పరికరానికి మాత్రమే’ అని ఉంది. ఆయన చదువుకుని, సంతకం పెట్టి, గొడుగు చంకన పెట్టుకుని వచ్చేశాడు.

వీధిలో అందరికీ ఆయన పెట్టెల మావయ్య. మలుపుల దగ్గర బూడిద రంగు ఇనప పెట్టెలు ఉంటాయి చూడండి, ఇంటింటికీ ఇంటర్నెట్ పంచేవి, వాటి బాగోగులు చూడటం ఆయన పని. లోపలి వేడి డెబ్భై డిగ్రీలు దాటితే యంత్రాలు వాటంతటవే ఆగిపోతాయి. దాటకుండా చూసే ఫ్యాన్లు దర్జీ కొట్టు ఎదుటి పెట్టెలో ఎప్పుడో చచ్చిపోయాయి. అందుకని మిట్టమధ్యాహ్నం ఆయన ఆ పెట్టె మీద గొడుగు పట్టుకుని నిలబడాలి, అరగంటకోసారి ఫొటో తీసి ఆఫీసుకి పంపాలి.

ఆ దర్జీ కొట్టు ఆయన భార్యదే. మిషను తొక్కుతూ రోజూ చూసేది. ఒకరోజు ఉండబట్టలేక నీళ్లు తీసుకుని వచ్చింది.

“ఆ గొడుగు కాస్త నీ నెత్తిమీదికి జరుపుకోరాదూ?”

“ఫొటోలో పెట్టె ఎండలో కనబడితే ఊరుకోరే.”

“నువ్వు ఎండలో కనబడితే?”

“నేనెక్కడ కనబడతాను? ఫొటో తీసేది నేనేగా.”

ఈ వేసవి మొదట్లో డాక్టరు ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాడు, ఎండకి కిడ్నీలు దెబ్బతింటున్నాయని, మరోసారి సొమ్మసిల్లితే తన చేతుల్లో ఏమీ ఉండదని. ఆయన సూపర్‌వైజరుకి ఫోన్ చేశాడు.

“పన్నెండు నుంచి మూడు దాకా నీడపట్టున ఉంటాను సార్. లేదంటే ఆ ఫ్యాన్లయినా పంపండి.”

“దారిలో ఉన్నాయి మావయ్యా.”

“నెల దాటింది సార్. నడిచి వస్తున్నాయా?”

సూపర్‌వైజరు నవ్వాడు. ఫ్యాన్లు రాలేదు. సెలవు పెడితే ఇంకొకరిని పెట్టుకుంటారు. ఆయన మళ్లీ గొడుగు తీశాడు.

నాలుగో రోజు ఒంటిగంటకి భార్య మిషను మీంచి తలెత్తి చూస్తే పెట్టె ఉంది, మనిషి లేడు. పరుగున వెళ్లింది. ఆయన పెట్టె వెనకవైపు దానికి జారగిలబడి ఉన్నాడు, కళ్లు తేలేశాడు. పడిపోతూ కూడా గొడుగు పిడిని పెట్టె తలుపు గడియలో దోపాడు. జేబులో ఫోన్ మోగుతోంది.

“మావయ్యా, ఒంటిగంట ఫొటో రాలేదేం? పెట్టె ఎలా ఉంది?”

“పెట్టె చల్లగానే ఉంది బాబూ,” అందామె. “మనిషే కాలిపోతున్నాడు.”

గొడుగు లాగి ఆయన మీద పట్టింది. ఆ ఫోన్‌తోనే ఫొటో తీసి ఆఫీసుకి పంపింది. ఆరేళ్లలో ఆయన కనబడిన ఫొటో అదొక్కటే. కాసేపటికి జవాబొచ్చింది: పెట్టె ఎండలో ఉంది, నిబంధన ఉల్లంఘన.

ఇప్పుడాయన రోజు విడిచి రోజు ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేసే మిషను పక్కన పడుకుంటున్నాడు. ఆ గది చల్లగా ఉంటుంది, మిషను వేడెక్కకూడదని. దర్జీ కొట్టు ఎదుట అదే గొడుగు పట్టుకుని ఇంకొకాయన నిలబడుతున్నాడు.

మీ వీధిలోనూ అలాంటి పెట్టె ఉంది. ఇంటర్నెట్ ఆగిందని ఫోన్ చేసే ముందు ఒక్కసారి గుమ్మం దాటి దాని పక్కన ఎవరున్నారో చూడండి. ఆయన్ని నీడలోకి పిలవండి. తర్వాత ఫోన్ చేయండి, చేసి రెండే అడగండి: పెట్టెకి ఫ్యాన్లు ఎప్పుడు బిగిస్తారు, మనిషికి మధ్యాహ్నం నీడ ఎప్పుడిస్తారు? జవాబొచ్చేదాకా రోజూ అడగండి. మనం అడగకపోతే ఆయన అడగడు. అడిగిన ఒక్కసారికీ ఏమైందో చూశారుగా.