దరఖాస్తులో లేని మాట

కట్టంగూరు రోడ్డు మీద ఆ ఉదయం ఉన్నవి: ఒక మైలురాయి, బట్టల మూటతో ఒక ముసలి నేతగాడు, సిరాబుడ్డితో నేను. ప్రైవేటు బస్సులు తీసేసి సర్కారు బస్సులు నడపాలన్న దరఖాస్తు మీద వేలిముద్రలు సేకరిస్తున్నాను.

బస్సు వచ్చి ఆగింది. ముందు రెండు వరుసలే ఖాళీగా ఉన్నాయి.

"అవి మీ దొర ఇంటోళ్లయి. ముందటి ఊర్లె ఎక్కుతరు. నీకు జాగా లేదు తాతా," అన్నాడు క్లీనరు.

"రేపు పొద్దుగాల నల్లగొండల లగ్గం. పెండ్లిపిల్ల చీరె నా మూటల్నే ఉన్నది. జర కింద కూసుంట," అని ముసలాయన బతిమాలాడు. బస్సు వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండింది. దరఖాస్తు తీసి ఆయనకు చదివి వినిపించాను: వేళకు బస్సు, చేతికి టికెట్టు, అందరికీ ఒకే కిరాయి, ఇలా మొత్తం తొమ్మిది కోర్కెలు. ధైర్యం కలుగుతుందని, "మీ దొరవారే మొదటి సంతకం చేశారు" అని కూడా చెప్పాను.

సిరా అంటిన ఆయన బొటనవేలు కాగితం మీదికి వచ్చి ఆగింది.

"దొర కొరకు సీట్లు ఆపొద్దని రాసినవా బిడ్డా?"

రాయలేదు. రాస్తే ఆ మొదటి సంతకం పడేది కాదు.

ఆయన వేలు ధోవతికి తుడుచుకున్నాడు. "మంచిగ రాసినవ్" అని నవ్వి, మూట నెత్తికెత్తుకుని నడక మొదలుపెట్టాడు.

మైలురాయి ప్రకారం నల్లగొండకు పన్నెండు మైళ్లు.