కోల్డ్ స్టోరేజీ జాకెట్ కాలర్

2023 మే నెల, గుంటూరు. బ్యాగులు, బండి సీట్లు బాగుచేసే నా కొట్టు రేకుల కింద మనిషి ఉడికిపోయే రోజులు. అట్లాంటి ఎండలో ఒకావిడ తోలు జాకెట్ తెచ్చి బల్లమీద పెట్టేసరికి ప్రాణం ఉసూరుమంది.

"మే నెలలో జాకెట్ ఏంటమ్మా?" అన్నాను.

"మా ఆయన మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్ బాబాయ్. బయట ఎంత మండినా లోపల గజగజే," అంది. ఆమె పేరు సుజాత.

పాతకాలం మోడల్, వెడల్పాటి కాలర్, మంచి తోలు. కాలర్ మాత్రం వేయించిన అప్పడంలా వంకర్లు తిరిగి బిగుసుకుపోయింది. ముట్టుకుంటే వేళ్ళు మంట. ఏం చేశావమ్మా అంటే, మిరప ఘాటు పోవాలని సబ్బునీళ్ళలో నానబెట్టి, పుట్టింటివాళ్ళ కళ్లంలో కాయల పక్కనే పట్టా మీద ఎండేశానంది. మావైపు అంతే. కాయలైనా, వడియాలైనా, పరుపులైనా ఎండలో పడేస్తే బాగుపడతాయనుకుంటారు.

"ఓరి దేవుడా! తోలు కూడానా తల్లీ?"

"తిట్టమాక బాబాయ్. ఆయనకి గొంతు ఆపరేషనైంది. సోమవారం డ్యూటీకి రాకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటామన్నారు. కాలర్ మెత్తగా చేసి, పైకి నిలబెట్టు. మచ్చ కనపడకూడదు."

కాదనలేకపోయాను. ముందు బ్రష్‌తో కారం దులిపాను, తుమ్ములతో చచ్చాను. తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరనిచ్చి, కండిషనర్ పట్టించాను. అంటే తోలుకు పోయిన జిడ్డును తిరిగి ఇచ్చే నూనె. తోలు మెత్తబడ్డాక కుట్టు విప్పి, కాలర్ నిలబడటానికి లోపల ఇంటర్‌లైనింగ్ అనే దళసరి గుడ్డ పెట్టాను. చుట్టిన తువ్వాలుకు కాలర్‌ని చుట్టి, క్లిప్పులు పెట్టి ఉంచాను. నడుము విరిగింది.

శనివారం భర్త ప్రభుదాసుని వెంటబెట్టుకొచ్చింది. జాకెట్ వేసుకోగానే కాలర్ దవడదాకా వచ్చి మచ్చను కప్పేసింది. సుజాత ముఖం వెలిగింది. ఆయన మెడ తిప్పబోయాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"దించెయ్ బాబాయ్, రాసుకుంటా ఉంది," అన్నాడు బొంగురు గొంతుతో. "మెత్తగా ఉంటే చాలు. చలేసినప్పుడు నేనే ఎత్తుకుంటా."

"కాస్త ఓర్చుకోవయ్యా! హమాలీలందరూ ఏందది, ఏందది అని అడగరా?" అంది సుజాత.

"అడగనీ. బతికున్నా కాబట్టి అడుగుతారు. వాళ్ళ సంగతి కాదే, ఈ మచ్చ చూస్తే నీకు భయం. ఆ మాట చెప్పు."

సుజాత బావురుమంది.

"భయమే! నువ్వు పోతావనుకున్నా. అది కనపడినప్పుడల్లా ఆ రోజే గుర్తొస్తంది."

నేను ఉసూరుమంటూ మళ్ళీ కుట్టు విప్పి, దళసరి గుడ్డ తీసేసి, కాలర్‌ని మెత్తగా పడుకోబెట్టి కుట్టాను. ఈసారి ఆయన తొడుక్కున్నాక సుజాతే దగ్గరికొచ్చి సర్దింది. వేలు మచ్చ మీద ఆగింది.

"నొప్పా?"

"లేదే. ఇన్నాళ్ళకి ముట్టుకున్నావ్," అన్నాడు.

నేను తల దించుకుని దారాలు ఏరుకున్నాను. అప్పట్నుంచి ఎవరు జాకెట్ తెచ్చినా, వేసుకునే మనిషిని పిలుచుకు రమ్మంటాను. ఈ ముసలాడి చాదస్తం అని విసుక్కుంటారు. విసుక్కోనీ. కాలర్ ఎట్లా ఉండాలో చెప్పాల్సింది ఆ మెడే.