చెత్త ఫోల్డర్

నున్నటి గ్రాఫ్ చూస్తే నేనిప్పటికీ మొహం తిప్పుకుంటాను. అలాంటిదొకటి గీసే నేను డాక్టరేట్ తెచ్చుకున్నాను.

గోపన్‌పల్లి దగ్గరి యూనివర్సిటీలో, ఉబ్బుతూ తగ్గుతూ ఉండే ఒక నక్షత్రం మీద నా పరిశోధన. దాని వెలుగును విడదీస్తే అందులో నల్లగీత ఒకటి కనిపిస్తుంది. నక్షత్రం ఉబ్బి పైపొర మన వైపు వస్తుంటే ఆ గీత నీలం వైపు జరుగుతుంది, కుంచించుకుపోతుంటే ఎరుపు వైపు. ఎంత జరిగిందో కొలిస్తే పొర వేగం తెలుస్తుంది. ఆ వేగాలన్నీ గ్రాఫ్ మీద పెడితే చక్కటి వంపు రావాలి. నా కొలతల్లో ఐదు మాత్రం వంపుకు ఎక్కడో దూరంగా పడ్డాయి.

"అవి చెత్త. తీసెయ్యమ్మా, సబ్మిషన్ దగ్గరపడింది," అన్నారు మా గైడు గారు టీ జుర్రుకుంటూ. ఆ చప్పుడు తలచుకుంటేనే వెగటు.

పక్క సీట్లో పాలమూరు నుంచి వచ్చిన జూనియర్ తొంగి చూసింది. "అక్కా, గవి చెత్తెట్లయితయి? గీత రెండుగ చీలింది చూడు. లోపలికి పడే పొర, బయటికొచ్చే పొర గుద్దుకుంటున్నయి. సాఫ్ట్‌వేర్ రెంటి నడుమ, ఏం లేని కాడ కొలిచింది."

నిజమే, నా కళ్లకూ కనిపించింది. అయినా ఐదింటినీ 'చెత్త' అనే ఫోల్డర్‌లో పడేసి థీసిస్ మీద సంతకం చేయించుకున్నాను. పైన పటారం, లోన లొటారం!

ఇప్పుడు గచ్చిబౌలిలో ఓ అద్దాల ఆఫీసులో ఉద్యోగం. మొన్న మధ్యాహ్నం ఆ పిల్ల ఫోన్ చేసింది.

"అక్కా, అదే నక్షత్రం, నాక్కూడ గీత చీలింది. సార్ నీ గ్రాఫ్ ముందల వెట్టి, 'ఈ చీలిక మెషిన్ తప్పు, తీసెయ్' అంటున్నరు. తీసేస్తే నా థీసిస్‌ల ఏం మిగలదు. నీ ఐదు జర ఇయ్యవా? ఇద్దరికీ గట్లనే చీలిందంటే ఇగ మెషిన్ తప్పనలేరు. ఉన్నయా?"

ఇస్తే నేను దాచిన సంగతి బయటపడుతుంది. పేరు ముందున్న 'డాక్టర్' గుర్తొచ్చింది.

"లేవే. ఎప్పుడో డిలీట్ చేసేశాను."

"పోనీ తియ్ అక్కా, ఫికర్ జెయ్యకు," అని నన్నే ఓదార్చింది. "ఇగ నేను గూడ తీసేస్త."

ఛీ, ఏం బతుకు నాది! ఫోన్ పెట్టేశాక ల్యాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్ తెరిచి చూశాను. ఐదూ ఉన్నాయి.