చప్పుడు లేని నీళ్ళు

మెర్వ్ ట్రెలోర్ ఉద్యోగం వినడం. మా ఊళ్ళో నీళ్ళ గొట్టం పగిలితే నీళ్ళు పైకి రావు. ఎర్రమట్టి అక్కడికక్కడే తాగేస్తుంది. ఆ చోటు కనిపెట్టడానికి మెర్వ్ నల్లటి చేవకర్ర ఒకటి పట్టుకుని వీధులన్నీ తిరిగేవాడు. కర్ర ఒక కొస ఇళ్ళ ముందు నీళ్ళ మీటరు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. ఇక్కడ తవ్వండి అన్నాడంటే తవ్వడమే. నలభై ఒక్క ఏళ్ళలో ఒక్క గొయ్యి కూడా దండగ కాలేదు. పబ్బులో ఎవరి గురించైనా చెప్పుకోవాలంటే "ఆగండి, మెర్వ్ ఇంకా మలుపు తిరగలేదు" అని ఆయన చెవిని తలుచుకుని నవ్వుకునేవాళ్ళం.

నేను ఊరి బడిలో సైన్సు టీచర్ని. మెర్వ్ మనవరాలు టెగన్ నా క్లాసులో ఉండేది. తాత దగ్గరే పెరిగిన పిల్ల. మాట తక్కువ, పట్టు ఎక్కువ.

వానలు లేక అది మూడో ఏడు. స్నానానికి మనిషికో బకెట్, తోటకి చుక్క లేదు. అప్పట్లో మాకు ఎండిపోయిన గడ్డే పరువు. ఎవరి పెరడు ఎంత మాడిపోయి ఉంటే వాళ్ళంత మర్యాదస్తులు. అలాంటి రోజుల్లో వైలెట్ వీధిలో నెడా మారిచ్ ఇంటి ముందు అంజూర చెట్టు పచ్చగా నిలబడింది. దాని కింద గడ్డి కూడా పచ్చగానే ఉంది.

నెడాకి డెబ్బై ఆరేళ్ళు. భర్త గనిలో పనిచేసి పోయాడు, ఒక్కతే ఉంటుంది. "నేను చెంబెడు నీళ్ళు కూడా పొయ్యలేదు" అని మొత్తుకుంది. మీటరేమో గిర్రున తిరుగుతోంది. గేటు నుంచి ఇంటికి వెళ్ళే గొట్టం పగిలిందేమో చూడమని నీళ్ళ ఆఫీసు వాళ్ళు మెర్వ్‌ని పంపారు. విన్నాడు, లేదన్నాడు. "ఇంకోసారి విను మెర్వ్" అని ఆమె బతిమాలితే మళ్ళీ విన్నాడు. "లేదు నెడా, గొట్టం బాగానే ఉంది" అన్నాడు.

కొళాయిలన్నీ కట్టేసి మీటరు ఆగుతుందో లేదో చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయం. ఎవరూ చూడలేదు. మెర్వ్ చెప్పాక ఇంకా చూసేదేముంది? ఆమె మీటర్లో సన్నటి చిల్లు ఉన్న ఇత్తడి బిళ్ళ బిగించి, నీళ్ళు దారంలా వచ్చేట్టు చేశారు. ఎవరో గేటు మీద సుద్దతో "దొంగ" అని రాశారు. నేనూ తక్కువ తినలేదు. రొట్టెల కొట్లో ఆమె నన్ను పలకరిస్తే, రొట్టె ముక్కలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

ఆ నెలలోనే టెగన్ సైన్సు ప్రదర్శనకి ఫౌంటెన్ చేస్తానని వచ్చింది. మామూలుది కాదు. నీళ్ళు చిందకుండా, వణక్కుండా, గాజుకడ్డీ వంచినట్టు గాల్లో నిలబడాలి. కింద నుంచి టార్చి వేస్తే వెలుగు ఆ వంపు వెంటే ప్రయాణం చేసి చివర్న దిగాలి.

"కరువులో ఫౌంటెన్ ఏమిటే? ఊరు మనిద్దర్నీ కలిపి తంతుంది" అన్నాను.

"ఒక్క బకెట్ నీళ్ళు మిస్. అవే తిరిగి తిరిగి వస్తాయి. అయ్యాక క్యాంటీన్ కుండీలో పోసేస్తా."

తాతా మనవరాలూ కలిసి చేశారు. మోచెయ్యంత పొడుగు మురుగ్గొట్టం ముక్క తీసుకుని, అడుగున స్పాంజి కుక్కి, దాని మీద స్ట్రాలు నిలువుగా బిగించారు. లోపలికి వచ్చే నీళ్ళ గందరగోళమంతా స్పాంజిలో చచ్చి, స్ట్రాల గుండా అన్నీ ఒకే దారిన నడవాలన్నమాట. పైన ఇత్తడి రేకు, రేకుకి గుండ్రటి చిల్లు. ఆ చిల్లు అంచుని మెర్వ్ మూడు సాయంత్రాలు సన్నటి ఆకురాయితో రాశాడు. పంపు పాత కూలర్ లోంచి పీకింది.

నాలుగు వారాలైనా ధార కుదరలేదు. జానెడు దూరం గాజులా వచ్చి, తర్వాత చిట్లిపోయేది. ఎక్కడినుంచో వణుకు తగులుతోందని టెగన్‌కి అనుమానం. "ఎక్కడో తాత చెవే చెప్పాలి" అంది.

శుక్రవారం మధ్యాహ్నం ల్యాబు కిటికీలకి తెరలు దించాం. మెర్వ్ కర్ర తెచ్చుకున్నాడు. పంపు వేశారు, టార్చి వెలిగించారు. వెలుగు సగం దారిలోనే ధారలోంచి బయటికి చిందిపోతోంది. మెర్వ్ కర్రని గొట్టానికి ఆనించి, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు.

"చప్పుడే లేదు పిల్లా. శుభ్రంగా ఉంది" అన్నాడు కాసేపాగి.

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. పంపు జుంయ్‌మని మోగడం నాకు అక్కడికే వినబడుతోంది. బల్ల అదురుతోంది. ఆ అదురే గొట్టంలోకి పోతోంది. నేను నోరు తెరిచేలోగా టెగన్ నన్ను చెయ్యెత్తి ఆపింది.

వేలితో గొట్టం మీద టంగుమని కొట్టి, ఆయన రెండో చెవి దగ్గరికి వంగి గట్టిగా అడిగింది. "ఇప్పుడు తాతా?"

"ఇప్పుడూ అంతే."

మళ్ళీ కొట్టింది, ఇంకాస్త గట్టిగా. "ఇప్పుడు?"

"చెప్పానుగా, ఏమీ లేదని."

మూడోసారి కొడుతుండగా ఆయన కళ్ళు తెరిచాడు. మనవరాలి వేలు గొట్టం మీద ఉంది. దాన్ని చూశాడు, ఆ పిల్ల మొహం చూశాడు.

"ఎన్నిసార్లు కొట్టావ్?"

"మూడు, తాతా."

ఆయన కర్ర దించాడు. నాకు ఆ మనిషి వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు. టెగన్ పంపు ఆపేసింది. అప్పుడు అన్నాడు: "టీచరమ్మా, కారుందా? వైలెట్ వీధికి పోవాలి."

నెడా గేటు దగ్గర కర్ర తన చెవికి పెట్టుకోలేదు. టెగన్‌కిచ్చి, ఎక్కడ ఆనించాలో చూపించాడు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని విన్నది. "సన్నగా బుసకొడుతోంది తాతా. పెనం మీద సాసేజీ వేగినట్టుంది" అంది.

తలుపు తీసి నెడా మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఏం మెర్వ్, మూడోసారి వినడానికి సాక్షుల్ని కూడా తెచ్చుకున్నావా?"

లోపల వంటింటి నిండా అట్టపెట్టెలు. గిన్నెలు కాగితాల్లో చుట్టి ఉన్నాయి. మెర్వ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నీ గొట్టం పగిలింది నెడా. మొదట్నుంచీ పగిలే ఉంది. నాకు వినబడలేదు."

"రెండుసార్లు విన్నావు."

"రెండోసారి నాకే అనుమానం వచ్చింది. పక్కన లారీ పోతే అది కూడా కర్రలోకి రాలేదు. బయటికి చెబితే ఇన్నేళ్ళ పని పోతుందని భయమేసింది. లేదని చెప్పేశాను."

నెడా ఒక పెట్టె మీద కూలబడింది. "నాకు మతి పోతోందనుకున్నాను" అంది. "నువ్వు లేదన్నాక నా మాట నేనే నమ్మలేదు మెర్వ్. కొళాయి తిప్పి మర్చిపోతున్నానేమోనని రోజుకి పదిసార్లు అన్నీ తడిమి చూసుకునేదాన్ని. చెట్టుకి నేనే పోసేసి మర్చిపోతున్నానేమోనని బకెట్ అటక మీద దాచాను. అడిలైడ్‌లో ముసలాళ్ళ హోమ్ చూడమని మా అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. మంగళవారం వస్తోంది, నన్ను తీసుకుపోవడానికి."

"నీ మతి ఎక్కడికీ పోలేదు. పోయింది నా చెవి."

"మరి నాకు చెబుతావేం?" నెడా గొంతు లేచింది. "నేను దొంగనని నా చెవిలో చెప్పారా? ఊరంతా చాటారు. ఊరికి చెప్పు!"

ఆయన తలూపాడు. టోపీ బల్ల మీద పెట్టి, ఇంకో పెట్టె మీద చతికిలబడ్డాడు. టెగన్ గ్లాసు తీసుకుని ఆయనకి నీళ్ళు పట్టబోయింది. కొళాయి మొత్తం తిప్పినా ఆ ఇత్తడి బిళ్ళ పుణ్యమా అని దారమంత ధార వచ్చింది. నిటారుగా, వణుకూ చప్పుడూ లేకుండా గాజుపుల్లలా దిగింది. నాలుగు వారాలుగా మేము ల్యాబులో తంటాలు పడుతున్నది అచ్చం అలాంటి ధార కోసమే. గ్లాసు నిండేదాకా ఆ పిల్ల దాన్నే చూస్తూ, ముక్కు ఎగబీలుస్తూ నిలబడింది.

సోమవారం మెర్వ్ నీళ్ళ ఆఫీసుకి వెళ్ళి తనంతట తానే చెప్పాడు. ఆ మధ్యాహ్నమే నెడా కంచె పక్కన తవ్వితే అంజూర వేళ్ళు చుట్టుకున్న పగులు బయటపడింది. బిళ్ళ తీసేశారు. కూతురు వచ్చి, నాలుగు రోజులుండి, ఒంటరిగానే తిరిగి వెళ్ళింది. అయినా ఊరు నోరు మెదపలేదు. తప్పయిందని ఒప్పుకోవడం కన్నా మర్చిపోయినట్టు ఉండటమే మాకు హాయి.

ఆ శనివారం బడి హాల్లో ప్రదర్శన. టెగన్ పంపుని బల్ల మీంచి తీసి తాళ్ళతో దూలానికి వేలాడదీసింది. దీపాలు ఆర్పి టార్చి వేసింది. ధార గాల్లోకి లేచి, వంగి, అలాగే నిలబడిపోయింది. వెలుగు దాని వెంటే పోయి అవతలి బకెట్‌లోని స్పాంజి మీద దిగింది. కాస్త కూడా చప్పుడు లేదు. హాల్లో ఉన్న ఊరంతా మెడలు చాచి చూసింది.

మెర్వ్ లేచాడు. తన గొంతు తనకి వినబడదేమో, అవసరానికి మించి గట్టిగా మాట్లాడాడు.

"ఈ నీళ్ళు మీకు వినబడట్లేదు కదా. చప్పుడు లేదు కాబట్టి. వైలెట్ వీధిలో నీళ్ళు బుసకొడుతూనే ఉన్నాయి, నాకే వినబడలేదు. నాకు చెవుడొచ్చింది. తెలిసి కూడా దాచాను. నెడా మారిచ్ చుక్క నీళ్ళు దొంగిలించలేదు."

టెగన్ దీపాలు వేసింది. ముందు వరసలోంచి నెడా లేచి, కుర్చీ వీపు పట్టుకుని మా వైపు తిరిగింది. ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చింది, తొందరపడకుండా. చాలామంది ధార వైపు చూడటం మొదలుపెట్టారు. నా దగ్గరికి వచ్చేసరికి నాకూ సిగ్గుతో తల తిప్పుకోవాలనే అనిపించింది. ఈసారి మాత్రం తిప్పుకోలేదు.