పోని మరక

మాస్టర్స్ చదివేటప్పుడు మా కాలేజీ అమ్మాయిల సాఫ్ట్‌బాల్ టీమ్‌కి బట్టలు ఉతికేదాన్ని. అది నా ఆన్-క్యాంపస్ జాబ్. తెల్ల ప్యాంట్ల మోకాళ్ళ మీద మట్టి మరక వదిలించడంలో నన్ను మించినవాళ్ళు లేరు. మరకని బాగా ఆరనిచ్చి, బ్రష్‌తో దులిపి, సబ్బు రుద్ది, చన్నీళ్ళలో నానబెట్టాలి. మెషిన్‌లో పడేసి చేతులు దులుపుకుంటే పోయే రకం కాదది. స్టోర్‌రూమ్ చూసే పెద్దాయన నన్ను చూపించి కొత్తవాళ్ళకి పాఠం చెప్పేవాడు.

ఈ ఆట నాకు కొత్త కాదని మాత్రం అక్కడ ఎవరికీ చెప్పలేదు. నిజామాబాద్‌లో జిల్లా జట్టుకి ఆడాను. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడి బంతి ఆపే షార్ట్‌స్టాప్‌ని. నేషనల్స్‌కి ఎంపికయ్యాక ఇంజనీరింగ్ పరీక్షలు అడ్డొచ్చాయి. వెళ్ళలేదు. ఇప్పుడు తలుచుకున్నా నా మీద నాకే కోపం వస్తుంది.

ఆ ఏడాది మా టీమ్ నేషనల్స్‌కి ఓక్లహోమా వెళ్తోంది. అడగందే అమ్మయినా పెట్టదు కదా అని, నన్నూ తీసుకెళ్ళమని కోచ్‌ని అడిగేశాను. లిస్ట్ ఎప్పుడో ఫుల్ అయిందని ఆవిడ నెమ్మదిగానే చెప్పింది.

"మరి బట్టలో?" అన్నాను.

"హోటల్ వాళ్ళు ఉతుకుతారులే."

ఒళ్ళు మండిపోయింది. హోటల్ వాళ్ళకేం తెలుసు మరకల సంగతి!

"బట్టలుతికే జాబ్‌కి గింత ఫీలైతవేందే?" అని నవ్వింది నా రూమ్మేట్.

"మ్యాచ్ చూద్దామని కాదే. ఆ గ్రౌండ్‌ల ఒక్కసారి నిలవడాలె నేను."

అది మరి నవ్వలేదు. మ్యాచ్‌ల రోజు టీవీ పెట్టింది. షార్ట్‌స్టాప్ బంతి కోసం నేల మీదికి దూకినప్పుడల్లా సోఫాలో నా మోకాలు ముందుకు జరిగేది. మావాళ్ళు చివరి మ్యాచ్ ఓడిపోయి, మైదానం నుంచి నేరుగా విమానం ఎక్కారు. అందుకే ఆ మ్యాచ్ బట్టలు ఉతక్కుండానే నా దగ్గరికి వచ్చాయి.

బ్యాగ్ జిప్ తీయగానే ఎర్రమట్టి వాసన. షార్ట్‌స్టాప్ ప్యాంట్ ఎడమ మోకాలికి మందంగా పట్టేసి ఉంది. మైదానంలోకి దిగేముందు నేలను తాకి కళ్ళకద్దుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ మట్టిని వేలితో తాకి కళ్ళకద్దుకున్నాను. ఏడుపు ఆగలేదు. మిగతావన్నీ ఉతికేశాను, అదొక్కటీ పక్కన పెట్టాను.

మరక పోని బట్టలు పారేయడం అక్కడి పద్ధతి. మర్నాడు పెద్దాయన ఆ ప్యాంట్ ఎత్తి పట్టుకుని, "దీని సంగతేంటి?" అన్నాడు.

"పోవట్లేదు."

ఎండిన మట్టి ఆయన బూట్ల మీద రాలింది. ఆ బట్టకి సబ్బు తగలలేదని చూస్తేనే తెలిసిపోతుంది. ఆయన బూట్లు దులుపుకున్నాడు.

"నీ చేతిలోనే పోలేదంటే ఇంకెక్కడా పోదులే," అని లిస్టులో దాన్ని కొట్టేసి, నా చేతికే ఇచ్చాడు.

ఇప్పుడది నోవై ఊళ్ళో మా ఇంట్లో, అల్మారా పై అరలో ఉంది. ఇల్లు మారిన ప్రతిసారీ మట్టి కొంచెం కొంచెంగా రాలిపోతూనే ఉంది. ఇంతవరకూ నేను దాన్ని ఉతకలేదు.