ముప్పై తొమ్మిది లక్షల తొంభై రెండు వేల మూడు

ఆదివారం అబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి. ఆ షట్టర్ల ముందే పాత పుస్తకాలు పరుచుకుంటారు. పోస్టాఫీసు వైపు లెక్కల పుస్తకాలన్నీ సదాశివవి.

నాంపల్లి బడిలో లెక్కలు చెప్పే కామాక్షి ప్రతి ఆదివారం వచ్చేది. పోయే ముందు ఒక అంకె చెప్పేది. మళ్లీ వచ్చేసరికి అతను దాన్ని ప్రధాన సంఖ్యలుగా విడగొట్టాలి. చేత్తోనే చెయ్యాలి, ఫోను ముట్టకూడదు.

"ఏం సదాశివగారూ, విరిగిందా?"

"ఇరగక యాడికి పోతది మేడం."

కాకినాడలో ఉద్యోగం దొరికి వెళ్లిపోతూ ఆమె చివరి అంకె చెప్పింది. 39,92,003. "దీనికి మాత్రం తొందరపడకండి," అంది.

అతను తొందరపడలేదు. ఎప్పటిలా చిన్న వాటి నుంచి మొదలుపెట్టాడు. మూడు, ఏడు, పదకొండు. గిరాకీ లేనప్పుడు అట్టముక్క మీద భాగించడం, శేషం మిగిలితే తర్వాతి ప్రధాన సంఖ్యకు పోవడం. 1998 దాటి వెతకనక్కర్లేదు. విరిగితే రెండింట్లో చిన్నది ఆ లోపే దొరకాలి. ఆదివారాలు గడుస్తూ వచ్చాయి. ఏదీ భాగించలేదు.

ఇవాళ 1993తో భాగిస్తే ఇరవై నాలుగు మిగిలింది. ఇక ఉన్నది 1997 ఒక్కటే. దాంతోనూ పోకపోతే ఆ అంకె ఎవరికీ విరగనిది. చాయ్ చల్లారిపోతుండగా సదాశివ పెన్సిల్ తీసుకున్నాడు. 1999 సార్లు. శేషం సున్నా.

"అయిపాయె," అన్నాడు పైకే.

పక్కన నవలలమ్మే పరశురాం తల తిప్పాడు. "ఏంది అయ్యేది? గిరాకీ వాపసు పోతున్నరు, జర చూడన్నా."

సదాశివ వినలేదు. 1997, 1999. రెండూ విరగనివే, మధ్యలో ఒక్కటే అంకె. ఆ ఒక్కదాని వర్గంలోంచి ఒకటి తీసేస్తే కామాక్షి చెప్పిన అంకె. పైనుంచి చూసుంటే మొదటి రోజే తేలిపోయేది. ఆ సంగతి ఆమెకు తెలుసు. అతను పైనుంచి చూడడనీ, చిన్న వాటి నుంచి ఒక్కొక్కటే ఎక్కుతూ వస్తాడనీ తెలుసు. తెలిసే, ఆఖరి మెట్టుదాకా దొరకనిదాన్ని ఏరి ఇచ్చింది.

"అంకుల్, సదాశివగారంటే మీరేనా?"

కాలేజీ సంచీతో ఒకమ్మాయి నిలబడి ఉంది. "నా పేరు మేఘన. కామాక్షి మా పిన్ని. మీ అంకె విరిగిందేమో కనుక్కోమంది. విరిగితే జవాబు నాతో పంపమంది. విరక్కపోతే వచ్చే నెల హైదరాబాద్ వస్తోంది కదా, తనే ఇక్కడ కూర్చుని చూపిస్తానంది."

సదాశివ అట్టముక్కను మెల్లగా బోర్లా తిప్పి, దాని మీద ఒక బీజగణితం పుస్తకం పెట్టాడు.

"ఇరగలేదని చెప్పమ్మా. మస్తు సతాయిస్తుందని చెప్పు."

ఆ అమ్మాయి రోడ్డు దాటేదాకా పరశురాం ఆగాడు. "ఇప్పుడే గదన్నా అయిపాయె అంటివి?"

"నీ గిరాకీ నువ్వు చూసుకోరాదు," అన్నాడు సదాశివ, చల్లారిన చాయ్ అందుకుంటూ.